తలమీద పెట్టని కాలు

రాళ్లగుట్ట కింద ఉన్నది ఒకే ఒక్క ఊట. ఎండాకాలం వస్తే చుట్టుపక్కల జీవాలన్నిటికీ అదే దిక్కు. ఆ నీళ్లిచ్చిన దేవుణ్ణి తిట్టినవాడికి అక్కడ గుక్కెడు నీళ్లు పుట్టవు. అది వాళ్ల కట్టుబాటు.

ఆ కట్టుబాటు కాస్తా కంచరగాడిద చుక్కన్న మెడకు చుట్టుకుంది. పాపం, వాడు చేసిన నేరమల్లా కోళ్లగూటి ముందు కాపలా పడుకోవడం, నక్క అలికిడైతే ఓండ్రపెట్టడం. నోటికాడి కూడు పోతే నక్క ఊరుకుంటుందా? "చుక్కన్న దేవుణ్ణి తిట్టాడు" అని మేక చెవిలో ఊదింది. మేక కోడిపుంజుకు చెప్పింది. పుంజు గుట్టంతా చాటింది.

పంచాయితీ కూడింది. ముసలి ఎద్దు పెద్దరికం. చుక్కన్న తల వంచుకుని మధ్యలో నిలబడ్డాడు.

"విన్నవాళ్లు వచ్చి వీడి తలమీద కాలు పెట్టి చెప్పండి," అంది ఎద్దు. "అబద్ధమని తేలితే వీడికి పడే శిక్ష మీకు పడుతుంది. కాలు పెట్టకుండా అన్నది సాక్ష్యం కాదు. అన్నవాడి సొంత మాటే."

పుంజు వెనక్కి తగ్గింది. "నాకు మేకక్క చెప్పింది తాతా."

"నాకు నక్క బావ చెప్పాడు," అని మేక నసిగింది.

అందరూ నక్క వైపు తిరిగారు. నక్క ముందుకొచ్చి కాలెత్తింది. అబద్ధానికి పడే శిక్ష గుర్తొచ్చి మళ్లీ దించేసింది.

"ఇంతోటిదానికి కాలెందుకు తాతా! వీడి అయ్య గాడిద దేవుణ్ణి తిట్టాడనే కదా మనం తరిమేశాం? విత్తు ఒకటేస్తే చెట్టు ఇంకోటి మొలుస్తుందా?"

చుక్కన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. పుట్టినప్పటి నుంచీ వాడు వింటున్న మాటే అది.

"తాతలు నేతులు తాగారంటే మనవడి మూతి వాసన చూస్తామట్రా?" అని ఎద్దు గద్దించింది. "అయ్య నోరు పారేసుకుంటే కొడుకు మూతి మాత్రం ఎందుకు చూడాలి? వీడేమన్నాడో చెప్పు!"

నక్కకు రోషం పొడుచుకొచ్చింది. "చెప్తా! నీళ్లెండగట్టే దేవుడు ఉంటే ఎంత, పోతే ఎంత! వాడి మొహాన మన్నెయ్య!" అని గుట్ట దద్దరిల్లేలా అరిచింది.



"కాలు ఏదిరా?" అని ఎద్దు మెల్లగా అడిగింది.

నక్క కిందికి చూసుకుంది. నాలుగు కాళ్లూ నేలమీదే ఉన్నాయి.

"చుక్కన్న తిట్టగా విన్నవాళ్లు ఒక్కరూ లేరు. నువ్వు తిట్టగా అందరం విన్నాం." ఎద్దు లేచి తన గిట్ట నక్క తలమీద పెట్టింది. వెనకే పుంజూ మేకా సిగ్గుపడుతూ వచ్చి కాళ్లు పెట్టాయి. "ఈసారి మా చెవులతోనే విన్నాం తాతా."

నక్క తోక ముడిచి గుట్ట దాటిపోయింది.

"దాని పిల్లల్నీ తరమండి!" అని మేక ఎగిరింది.

"ఆగక్కా!" చుక్కన్న అడ్డొచ్చాడు. "ఆ పసివాళ్లు ఏమన్నారని? అయ్య మాటకు కొడుకు గొంతెండితే ఎలా ఉంటుందో నన్నడుగు."

మేక తల దించుకుంది. నక్కపిల్లలు తల్లినక్క వెనక నక్కుతూ ఊట దగ్గరికొచ్చాయి. చుక్కన్న పక్కకు జరిగి చోటిచ్చాడు.

"కడుపునిండా తాగండ్రా. కోళ్లగూటి వైపు చూశారో, అప్పుడు మీ సంగతి మీతోనే తేల్చుకుంటా!"

ఎవరి నోటికి వాళ్లే పూచీ.