బూజు అన్న మాట దోమది

ఒకప్పుడు మన ఇళ్లలోకి దోమ వచ్చేదే కాదు. నమ్మరా? నమ్మకపోతే మానెయ్యండి, కథ మాత్రం వినండి. దోమలు లేకపోలేదు. వరిమడుల్లో ఉండేవి, గేదెల కుడితితొట్టి చుట్టూ తిరిగేవి. గడప దాటి లోపలికి రావడానికి మాత్రం వాటికి దారి లేదు. ప్రతి ఇంటి కిటికీకీ ఒక సాలీడు కాపలా ఉండేది.

ఇప్పటిలాగా మూలల్లో నక్కి కాదు. కిటికీ నడిమధ్యన, వచ్చేపోయే వాళ్లందరికీ కనిపించేలా, దర్జాగా కూర్చునేది. ఈ చట్రం నుంచి ఆ చట్రం దాకా సన్నటి తెర నేసేది. అందులోంచి గాలి వచ్చేది, వెలుతురు వచ్చేది, దోమ మాత్రం వచ్చేది కాదు. తెలివి తక్కువై వచ్చిందో, సాలీడికి ఆ పూట భోజనమే.

ఆ తెరను జనం ముద్దుగా సాలెతెర అనేవాళ్లు. కొత్త ఇల్లు కడితే, తలుపులు బిగించిన మర్నాడే సాలీడిని పిలిచి, మా కిటికీకి కూడా ఒక తెర నేసి పెట్టమ్మా అని బతిమాలేవాళ్లు. అది నవ్వి నేసేది. పట్టెడన్నం పెట్టమని కూడా ఎవరినీ అడిగేది కాదు.

అంత చేసిన సాలీడిని మనం ఏం చేశామో ఇప్పుడు చెబుతాను. తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. అయినా చెప్పి తీరాలి.

ఆ రోజుల్లో వరిచేల మధ్య ఒక ఊళ్లో పేరిందేవి అనే ఆవిడ ఉండేది. ఆవకాయకు ఆమె పెట్టింది పేరు. ఎండాకాలంలో పెట్టిన జాడీ మళ్లీ ఎండాకాలం వచ్చేదాకా ఎర్రగా నూనె తేలుతూ ఉండేది. ఆవకాయకు బూజు పడితే ఆ ఊళ్లో ఆడవాళ్లకు తల కొట్టేసినట్టు ఉండేది. తడి తగిలితే చాలు, పైన తెల్లగా దూదిలా పట్టేస్తుంది కదా, అదే బూజు. అప్పట్లో బూజంటే అదొక్కటే. ఇంకో బూజు లోకంలో లేదు.

పేరిందేవి వంటింటి కిటికీలో కూడా ఒక సాలీడు ఉండేది. ఆమెను అక్కా అని పిలిచేది. కిటికీ కింద చీర ఉయ్యాలలో పేరిందేవి కూతురు నిద్రపోయేది. ఆరు నెలల పిల్ల, పేరు రావులమ్మ. ఆ ఏడు సాలీడు కూడా గుడ్లతో ఉంది. రూపాయి బిళ్లంత తెల్లటి గుడ్ల సంచిని తెర మధ్యలో పెట్టుకుని, ఒక కన్ను దాని మీద, ఇంకో కన్ను ఉయ్యాల మీద వేసి ఉంచేది.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున పేరిందేవి ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచింది. తలా గిన్నెడు ఆవకాయ పంచడం ఆమెకు ఏటా అలవాటు. అందరూ గిన్నెలు పట్టుకుని చుట్టూ కూర్చున్నారు. ఆమె జాడీ మూతికి కట్టిన గుడ్డ విప్పింది.

లోపల తెల్లగా బూజు.

ఒకావిడ గిన్నె మెల్లగా కొంగు చాటున పెట్టుకుంది. పేరిందేవి ముఖం పాలిపోయింది. ఇలా ఎలా జరిగిందో నాకే అర్థం కావడం లేదు అని గొణిగింది.

ఆమెకు అర్థం కాకపోవడం ఏమిటి? బాగా తెలుసు. అయినా సాలీడుకు లౌక్యం తెలియదు. పాపం, అక్క నిజంగానే మరిచిపోయిందనుకుంది.

"నాలుగు రోజుల కిందట అంట్లు తోముతూ, ఉప్పు చూద్దామని తడి గరిటె పెట్టావు కదక్కా. నేను చూశాను," అంది.

నిజమే చెప్పింది. కానీ పదిమందిలో చెప్పింది. పేరిందేవికి చెవుల దాకా మంటెత్తింది. మనుషులకు ఇదొక రోగం. తప్పు చేసినందుకు రాని కోపం, తప్పు చూసినవాళ్ల మీద వస్తుంది.

సరిగ్గా అప్పుడు కిటికీ బయట దోమ ఉంది. ఎన్ని తరాల నుంచో దాని జాతి ఆ తెర బయటే చచ్చింది. లోపల ఉయ్యాలలో బొద్దుగా పిల్ల, పిల్లకు లేత బుగ్గలు. దోమకు నోరూరింది. గొంతులో తేనె పోసుకుని పలికింది.

"అమ్మగారూ, మీ చేతి ఆవకాయకు బూజు పట్టడమా? ఎవరైనా నమ్ముతారా? ఒక్కసారి పైకి చూడండి. జాడీలో ఉన్నదీ తెలుపే, కిటికీకి వేలాడుతున్నదీ తెలుపే. జాడీలో దారాలు దారాలుగా ఉంది, అక్కడా అంతే. పైనున్న బూజే రాలి కింద పడింది."

అందరూ తలెత్తి చూశారు. సాలెతెర మీద పిండి దుమ్ము పడి నిజంగానే తెల్లగా ఉంది. ఎవరో అవునే అన్నారు. ఇంకొకరు కూడా అవునే అన్నారు.

సాలీడు ఎంతో చెప్పింది. బూజు తడికి పుడుతుందని, తను నేసేది పొడి దారమని, కావాలంటే ఒక్కసారి ముట్టుకుని చూడమని బతిమాలింది. ఎవరు వింటారు? సాలీడు మాట నిజమైతే పేరిందేవి తప్పు చేసినట్టు. దోమ మాట నిజమైతే ఆమె తప్పేమీ లేదు. ఆ రెండింట్లో ఆమె ఏది నమ్మిందో మీకు వేరే చెప్పాలా?

"బూజే. ఇది బూజే," అంది పేరిందేవి. ఆ మాట మొదటిసారి సాలెతెర మీద పడింది.

వెదురుకర్ర చివర చీపురు కట్టింది. ఒక్క విసురు విసిరింది. అంత తెరా చీపురుకు ఉండలా చుట్టుకుపోయింది. సాలీడుకు ఆలోచించే వ్యవధి కూడా లేదు. గుడ్ల సంచిని నోట కరుచుకుని, గోడమీద ఎనిమిది కాళ్లతో పరుగు తీసి, సామాన్ల గదిలో చూరు కింద చీకటి మూలకు చేరింది. ఉయ్యాలలో పిల్ల కళ్లు విప్పి, ఖాళీ అయిన కిటికీ వంక చూసింది.

వచ్చిన ఆడవాళ్లందరూ ఇళ్లకు వెళ్లి అదే పని చేశారు. మధ్యాహ్నానికల్లా ఊళ్లో ఒక్క తెర మిగల్లేదు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు కూడా, ఇన్నేళ్లు మనల్ని కాపాడింది కదా అనలేదు.

దీపాలు పెట్టే వేళకు దోమలు వచ్చాయి. కిటికీల్లోంచి బారులు తీరి, పెళ్లి భోజనానికి వచ్చినట్టు వచ్చాయి. తెల్లారేసరికి రావులమ్మ బుగ్గలు దద్దుర్లతో ఎర్రబడ్డాయి. పేరిందేవి వేపాకు పొగ వేసింది. దోమలు కాసేపు బయటికి పోయాయి, పిల్ల దగ్గింది, పొగ ఆరగానే దోమలు తిరిగి వచ్చాయి. సాంబ్రాణి వేసింది, అంతే. కొంగుతో విసిరి విసిరి ఆమె చెయ్యి పడిపోయింది. వారం తిరగకుండా పిల్లకు చలిజ్వరం పట్టుకుంది.

కషాయాలు పోసి, గంజి పట్టి, ఎలాగో పిల్లను నిలబెట్టుకున్నారు. కానీ పిల్ల చిక్కిపోయింది. పాలు తాగడానికి కూడా ఓపిక లేక తల వాల్చేసేది.

ఆ రోజుల్లోనే, గంజిలోకి నంజుకోవడానికని పేరిందేవి సామాన్ల గదిలో ఉన్న రెండో జాడీ దగ్గరకు వెళ్లింది. పైకి చూసి గతుక్కుమంది. జాడీకి సరిగ్గా పైన, మూలలో, సాలీడు కొత్త తెర నేసుకుని ఉంది. ఇదీ పోయి ఉంటుందనుకుంటూ గుడ్డ విప్పింది.

ఆవకాయ ఎర్రగా, నూనె తేలుతూ, ఘుమఘుమలాడుతోంది. ఎక్కడా ఒక్క తెల్ల చుక్క లేదు.

పేరిందేవి అక్కడే కూలబడింది. ఇన్నాళ్లూ లోపల దాచుకున్నదంతా ఒక్కసారిగా ఏడుపై బయటికి వచ్చింది. తడి గరిటె నాదేనమ్మా, అబద్ధం ఆడాను, నా పిల్లను చూడు ఎలా అయిపోయిందో, మళ్లీ కిటికీకి రా అని చేతులు జోడించింది.

సాలీడు తెర అంచుదాకా దిగి వచ్చింది. దానికీ రావులమ్మ అంటే ముద్దే. ఆ పిల్ల దగ్గు చూరు దాకా వినిపించినప్పుడల్లా అది నిద్రపోలేకపోయింది.

"ఇల్లు పోతే మళ్లీ నేసుకుంటాను అక్కా, అది నాకు పెద్ద పని కాదు. నా నేతను బూజన్నావు. అన్న నోటితోనే దాన్ని మళ్లీ పాత పేరుతో పిలువు. ఇప్పుడే వస్తాను."

ఎంత చిన్న కోరిక! ఒక్క మాట, అంతే. పేరిందేవి కళ్లు తుడుచుకుని నోరు తెరిచింది.

ఇదంతా దోమ వింటోంది. ఆ మాట గనక బయటికి వస్తే తన గతి ఏమవుతుందో దానికి తెలుసు. రివ్వున వచ్చి ఆమె చెవి దగ్గర వాలి, బూజూ, బూజూ, బూజూ అని ఊపిరి ఆడనివ్వకుండా మొదలుపెట్టింది. పేరిందేవి చెవి దులుపుకుంది. అది రెండో చెవికి వెళ్లింది.

"నీ..." అంది పేరిందేవి. "నీ... బూజు..."

నాలుక కరుచుకుంది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అదే మాట. అప్పటికి ఊరంతా నెల రోజులుగా బూజు, బూజు అనే అంటోంది. పాత పేరు నాలుక మీదికి రావడమే మానేసింది.

సాలీడు మెల్లగా గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ మర్నాడే దాని గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చాయి. కిటికీ అంటే ఏమిటో వాటికి తెలియదు. మూలే ఇల్లనుకున్నాయి.

మరి మనుషులు ఏం చేశారంటారా? సిగ్గుపడ్డారా? లేదు. సాలీడు నేతను చూసి, అచ్చం అలాగే సన్నటి కన్నాలతో పల్చటి గుడ్డ నేసి పడక చుట్టూ కట్టుకున్నారు. దానికి పేరు పెట్టేటప్పుడైనా పని నేర్పిన సాలీడు పేరు పెట్టారా? దొంగ పేరు పెట్టారు. దోమతెర అన్నారు!

అప్పటినుంచే సాలీడు మన చీపురు సులువుగా అందని మూల వెతుక్కుని, గోడవైపు తిరిగి కూర్చుంటోంది. దాని నేత కంచె మీద కనిపిస్తే మర్యాదగా సాలెగూడు అంటాం. మనింట్లో ఉంటే మాత్రం బూజు అని దులిపేస్తాం. అప్పటినుంచే దోమ కూడా, కుట్టడానికి ఒళ్లంతా ఉన్నా, ముందు చెవి దగ్గరకే వస్తోంది. ఎక్కడ పాత పేరు గుర్తొస్తుందోనని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. బూజూ, బూజూ అనే అంటుంది. మనకు చివరి జూ ఒక్కటే వినిపిస్తుంది. వినగానే మనం చెయ్యెత్తి చెంప మీద ఫెడీమని కొడతాం. దోమ తప్పించుకుంటుంది. దెబ్బ ఎవరికి తగలాలో వాళ్లకే తగులుతుంది.