భ్రమరాంబ చూసిన నడిచే చుక్క

అనగనగా ఒక రాజ్యంలో ఓ కొండ ఉండేదర్రా. కొండ మీద రాజుగారి దుర్భిణి, దుర్భిణి వెనకాల కోనప్ప సిద్ధాంతి, ఆయన ఒళ్ళో చుక్కల పుస్తకం. ఏ చుక్క ఎక్కడుందో అందులో రాసుకునేవాడు. అందులో లేని చుక్క ఆకాశంలోనే లేదనేవాడు.

ఆయన కోడలు భ్రమరాంబ రోజూ రాత్రి మజ్జిగ పట్టుకుని కొండెక్కేది. మహా చురుకైన పిల్ల. మామగారు మజ్జిగ తాగేలోపు దుర్భిణిలో కన్ను పెట్టి చూసేది. ఓ రోజు చూసింది, చిన్న చుక్క. మర్నాడు చూసింది, నువ్వుగింజంత జరిగింది. ఆ మర్నాడు చూసింది, ఇంకో నువ్వుగింజంత జరిగింది. ఊఁ అంటున్నారా, నిద్రపోయారా?

మామగారితో చెప్పింది. ఆయన పుస్తకం తిప్పాడు, లేదు. అద్దం మీద మసి అయ్యుంటుందన్నాడు. కాదు మామయ్యగారూ, నడుస్తోంది, ఒక్కసారి చూడండని బతిమాలింది. కన్ను పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? చూడలేదర్రా. పైగా నా మజ్జిగ నేనే తెచ్చుకుంటాను, నువ్వు కొండెక్కొద్దన్నాడు. ఆ పిల్ల తలొంచుకుని దిగిపోయింది. ఆ చుక్క ఏ రాత్రి ఎక్కడుందో వంటింటి గోడ మీద బొగ్గుతో పెట్టుకున్న గుర్తుల మీద ఉగాదికి సున్నం కొట్టేసింది.

ఏడాది తిరిగేసరికి పక్కరాజ్యం నుంచి కబురొచ్చింది. అంగారకుడికి అవతల, గురుడికి ఇవతల, ఓ రాతిగుండు సూర్యుడి చుట్టూ తిరుగుతోందట. వాళ్ళ పండితుడు కనిపెట్టి తన పేరే పెట్టుకున్నాడట. మన దుర్భిణికి కనిపించలేదా అని రాజుగారు సిద్ధాంతిని అడిగారు. అద్దం బాగాలేదని తప్పించుకోవచ్చు. కానీ ఆయనకి అబద్ధం నోట రాలేదు.

"మా కోడలికి కనిపించింది ప్రభూ. నేనే చూడనివ్వలేదు."

రుజువేదన్నారు రాజుగారు. సిద్ధాంతి ఇంటికొచ్చి వంటింటి గోడ గోళ్ళతో గీకాడు. సున్నంతో పాటు బొగ్గూ రాలిపోయింది.

ఆ రాయి సూర్యుణ్ణి ఓ చుట్టు తిరగడానికి ఆరేళ్ళు. ఆరేళ్ళకి మళ్ళీ అదే చోటికొచ్చింది. అప్పటికి సిద్ధాంతి కళ్ళకి పొరలు కమ్మేశాయి. కోడలి చెయ్యి పట్టుకుని కొండెక్కాడు.

"ఉందామ్మా?"

"ఉంది మామయ్యగారూ. మసగ్గా ఉంది. మెల్లిగా వెళ్తోంది."

ఆయన దుర్భిణిని చేత్తో తడిమాడు.

"ఆనాడు నీ మాట విని ఉంటే నాకూ కనిపించేది తల్లీ."

తర్వాత రాజుగారు దుర్భిణిని భ్రమరాంబకే అప్పగించారు. ఆవిడ అలాంటివి ఇంకో నాలుగు కనిపెట్టింది. పక్కన కూచుని మామగారు మురిసిపోయేవాడు. మొదటిది మాత్రం పరాయి పేరుతోనే ఉండిపోయింది.

అందుకే, ఎవరైనా అదిగో అంటే ముందు అటు చూడాలి, తర్వాతే మాట్లాడాలి. సరే, కథ కంచి దారి పట్టింది, మీరిక దుప్పట్లో దూరండి.