నూకాలు తెచ్చిన గుల్లల బుట్ట

అనగనగా, సముద్రం మొహం ఎరగని ఒక మెట్ట ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒకావిడ ఉండేది. నోరు పెద్దది, పెత్తనం అంతకన్నా పెద్దది. ఆవిడకి అప్పన్న అని ఒక్కడే కొడుకు. తల్లి కూర్చోమంటే కూర్చుంటాడు, లెమ్మంటే లేస్తాడు. వాడికి సముద్రపొడ్డు పిల్ల నూకాలుతో పెళ్ళయింది. ఊ కొట్టండర్రా, లేకపోతే ఇక్కడే ఆపేస్తాను.

కోడలు సారె తెచ్చిందంటే ఊరంతా చూడ్డానికొచ్చారు. బుట్ట విప్పితే ఏముంది? గవ్వలు, ఆల్చిప్పలు, శంఖాలు, పేరు తెలియని పిచ్చి గుల్లలు. వాళ్ళ పేటలో ఆ బుట్ట లేకుండా పిల్లని అత్తారింటికి పంపరట. అచ్చియ్యమ్మకి తల కొట్టేసినట్టయింది. నలుగురి కోడళ్ళూ ఇత్తడి బిందెలు తెస్తే నా కోడలు చెత్త తెచ్చిందా అని, బుట్ట పెంట మీద పారెయ్యమంది.

నూకాలు బెదిరే పిల్ల కాదు. "అత్తా, మాగాయ ఎండేలోపు ఇందులో పనికిరానిది ఒక్కటి చూపించు. నేనే బండెక్కి మా ఊరెళ్ళిపోతాను," అంది. సరే పందెమంటే పందెం అంది అత్త.

మర్నాడే మాగాయకి కాయలు దిగాయి. అచ్చియ్యమ్మ కత్తిపీటతో చెక్కు తీస్తుంటే కండంతా చెక్కుతోనే పోతోంది. నూకాలు ఆల్చిప్ప వీపు రాతి మీద అరగదీసి, చిల్లు పడ్డాక, ఆ అంచుతో కాయని గీకింది. చెక్కు ఉల్లిపొరలా లేచొచ్చింది. మన ఇంట్లోనూ ఉంది కదర్రా, ఆ చిప్పే.

ఎడ్లకి దిష్టి తగలకుండా గవ్వలు గుచ్చి మెడలో కట్టింది. పురిటికొచ్చిన ఆడపడుచు బిడ్డకి జలుబు చేసి పాలు తాగకపోతే, చిన్న శంఖంలో పాలు పోసి చుక్క చుక్కా పట్టింది. పిచ్చి గుల్లలు కాల్చి, నీళ్ళు చల్లి సున్నం చేసింది. గోడకి పూయగా మిగిలింది అత్త తమలపాకుకి రాస్తే, ఆవిడ నోరు ఎర్రగా పండింది. ఏ సున్నమో తెలియక బావుందని కూడా అనేసింది పాపం.

గవ్వ ఎద్దు మెడకి, చిప్ప కాయ చెక్కుకి, శంఖం పాల గుక్కకి, గుల్ల ఇంటి గోడకి! ఏదీ, మీరూ అనండి. నిద్రపోతున్నారా, ఊ కొడుతున్నారా?

మాగాయ ఎండే రోజున అచ్చియ్యమ్మ బుట్ట బోర్లించింది. అడుగున ఒకే ఒక్క శంఖం, పగిలింది. ఊదితే పలకదు, పాలు పోస్తే కారిపోతుంది, పగిలింది కాబట్టి పూజకి పెట్టరు. దొరికిందే అని, బండి కట్టరా అంది కొడుకుతో. అప్పన్న కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఎడ్లు కట్టాడు.

నూకాలుకి అప్పుడు మాత్రం బండెక్కాలనిపించలేదు. ఆ ఇల్లూ, ఆ మెతక మొగుడూ అప్పటికే తనవైపోయారు మరి. అయినా బతిమాలకుండా, శంఖం అత్త చేతికిచ్చి, ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకు చూడమంది. మా ఊరు మీద బెంగ పుట్టినప్పుడల్లా నేను చేసే పని అదే అంది.

అచ్చియ్యమ్మ విసురుగా చెవికి ఆనించింది. ఆనించిన చెయ్యి దించలేదు. అలాగే అరుగు మీద కూలబడిపోయింది.

"ఇది మీ సముద్రం కాదే. మా రేవులో గోదారి," అంది.

ఆవిడ పుట్టిల్లు గోదారి ఒడ్డునట, ఎనిమిదేళ్ళప్పుడు అత్తారింటికొచ్చిందట. తల్లి పోయాక పుట్టింటి నుంచి రమ్మన్నవాళ్ళు లేరట. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పని ఆ మాట ఆవేళ కోడలికి చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నూకాలు పక్కన కూర్చుని వీపు రాసింది.

ఎడ్లు విప్పెయ్యనా అని అప్పన్న అడిగాడు. కట్టిన బండి విప్పడమెందుకురా అంటూ అచ్చియ్యమ్మ లేచి, తనే ముందు ఎక్కి, కోడలికి చెయ్యందించింది. దారిలో గోదారి రేవు చూసి, అక్కణ్ణించి వియ్యాలవారింటికెళ్ళి సముద్రం చూసి, ఇంకో బుట్టెడు గుల్లలతో తిరిగొచ్చారు. ఆ పగిలిన శంఖం మాత్రం ఎందుకూ పనికిరాదని ఊరంతా చెప్పేది అచ్చియ్యమ్మ. ఎవరైనా అడిగితే ముట్టుకోనిచ్చేది కాదు.

అందుకే, చెవి ఒగ్గి వినకుండా దేన్నీ, ఎవర్నీ పారెయ్యకూడదర్రా. కథ బండెక్కి కంచికెళ్ళింది, మీరు దుప్పట్లోకెళ్ళండి.