మూడో ఊపిరి

అనగా అనగా, వినగా వినగా, మంచు ముందు పుట్టిందా మనిషి ముందు పుట్టాడా అని జనం ఇంకా వాదించుకునే దేశం ఒకటుంది. దాని పేరు ఫిన్లాండు. వాదించుకోవడమంటే మనలా గొంతులు చించుకుంటారనుకునేరు. అక్కడ ఒకడు ఈ ఏడు ఒక మాట అంటాడు, రెండోవాడు పై ఏడు దానికి జవాబు చెబుతాడు.

ఆ దేశంలో కోస్కిలా అని ఒక ఊరు. ఊరి పక్కన పెద్ద ఏరు. చలికాలమంతా అడవిలో చెట్లు కొట్టి, మంచు కరగ్గానే దుంగల్ని ఏట్లోకి దొర్లిస్తారు. అవి సముద్రం దాకా తేలిపోతాయి. దారిలో ఎక్కడా ఇరుక్కోకుండా, చేతిలో కొక్కెం కర్ర పట్టుకుని దుంగ మీంచి దుంగ మీదికి నడుస్తూ వాటిని తోలుకుపోయే మనుషులు ఉంటారు. వాళ్ళని దుంగలవాళ్ళు అంటారు.

ఆ పనికి ఒక పద్ధతి ఉంది. కొత్త దుంగ మీద కాలు పెట్టేముందు మూడు ఊపిర్లు ఆగాలి. ఒక ఊపిరి. రెండో ఊపిరి. మూడో ఊపిరి. దొర్లే దుంగయితే ఈలోగా దొర్లిపోతుంది. నిలిచేదయితే నిలుస్తుంది. ఆగకుండా అడుగేసినవాళ్ళ పేర్లు చర్చి పక్కన రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి.

కాళ్ళకి పట్టిన అలవాటు మెల్లగా నోటికీ పట్టింది. ఆ ఊళ్ళో ఎవర్ని ఏమడిగినా మూడు ఊపిర్లు ఆగి గానీ జవాబు చెప్పరు. వెంటనే చెప్పినవాణ్ణి ఎవరూ నమ్మరు. మన దగ్గర అలా కాదు. అడిగేది పూర్తి కాకముందే జవాబు వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది.

ఆ దుంగలవాళ్ళలో ఒకడు సాంతెరి. మనిషి పొట్టి, మెడ లావు, మాట తక్కువ. మాటలు తక్కువగా ఉండే ఆ ఊరికి కూడా తక్కువే. రేవులో చెక్కలతో కట్టిన చిన్న కొట్టు ఒకటి ఉండేది. అందులో హిల్మ అనే అమ్మాయి కాఫీ కాచి అమ్మేది. సాంతెరి రోజూ వచ్చేవాడు, మూడు కప్పులు తాగేవాడు, ఇక చాలని కప్పు బోర్లించి వెళ్ళిపోయేవాడు.

ఒక ఎండాకాలం తిరునాళ్ళలో తాగినవాడొకడు సాంతెరిని ఊరికే మూడు గుద్దులు గుద్దాడు. సాంతెరి కదల్లేదు. గుద్దినవాడే వెనక్కి తూలి పడ్డాడు. కల్లే అని ఒక ముసలి బాక్సర్ అది చూశాడు. ఆయన పళ్ళు సగం రింగులోనే రాలిపోయాయి.

"ఒరేయ్, నీ కాళ్ళు నేలకి మేకులు కొట్టి బిగించారేంట్రా? నాతో వస్తావా, బాక్సింగ్ నేర్పిస్తాను" అన్నాడు కల్లే.

ఒక ఊపిరి. రెండో ఊపిరి. మూడో ఊపిరి.

"వస్తాను" అన్నాడు సాంతెరి.

అలా మొదలైంది. మొదట సొంత ఊళ్ళో కమ్మరివాడితో తలపడ్డాడు, గెలిచాడు. తర్వాత ఓడరేవు పట్నంలో ఒక నావికుడితో తలపడ్డాడు, గెలిచాడు. ఆ తర్వాత రాజధానిలో, రాజధాని జనం నెత్తిన పెట్టుకున్న మొనగాడితో తలపడ్డాడు. అక్కడా గెలిచాడు. ప్రతి పోటీ అయ్యాక తిరిగొచ్చి దుంగ ఎక్కేవాడు. కొట్టుకి వచ్చి మూడు కప్పులు తాగేవాడు, వాచిన పెదవితోనే.

చూసి చూసి హిల్మకి విసుగొచ్చింది. ఒకరోజు చేతులు తుడుచుకుని ఎదురుగా నిలబడింది.

"ఏమయ్యా సాంతెరీ, ఇంతకాలంగా వస్తున్నావు, కాఫీ బాగుందని కూడా అనవు. పోనీ ఇదొక్కటి చెప్పు. నన్ను చేసుకుంటావా?"

ఒక ఊపిరి. వెనకాల పొయ్యి మీద కాఫీ పొంగింది. రెండో ఊపిరి. పొయ్యి ఆరింది. హిల్మ వెనక్కి తిరగలేదు. ఆ ఊళ్ళో అందరూ మూడు ఊపిర్లూ ఆగేవాళ్ళే. కానీ చాలామంది కిటికీలోంచి బయటికి చూస్తూ ఆగుతారు. హిల్మ ఎదుటివాళ్ళ ముఖం చూస్తూ ఆగేది. మూడో ఊపిరి.

"చేసుకుంటాను" అన్నాడు సాంతెరి. "కాఫీ పొంగింది."

పెళ్ళయింది. గెలుపులు ఇరవై దాటాయి. అప్పుడు సముద్రం అవతలి మహానగరం నుంచి పిలుపొచ్చింది. అక్కడి ఛాంపియన్‌తో తలపడాలి. గెలిస్తే బెల్టు. కోస్కిలాలో అప్పటిదాకా ఎవరూ ఏ బెల్టూ చూసి ఎరగరు, ప్యాంటు బెల్టు తప్ప. ఊరు ఊరంతా ఓడరేవు దాకా వచ్చి ఓడ ఎక్కించింది. సాంతెరి, కల్లే, హిల్మ, ముగ్గురే వెళ్ళారు.

ఆ హాలు ఎంత పెద్దదంటే, కోస్కిలా మొత్తం అందులో ఒక మూల సర్దుకుంటుంది. ఛాంపియన్ పొడుగాటి చేతులవాడు. మూడు రౌండ్లు సాంతెరివి. మూడు రౌండ్లు ఎవరివో చెప్పలేం. ఆ తర్వాత మూడూ ఛాంపియన్‌వి. తొమ్మిదో రౌండులో సాంతెరి పడ్డాడు. ఎనిమిది లెక్కపెట్టేసరికి లేచాడు. రిఫరీ దగ్గరికొచ్చి ముఖంలోకి చూసి అడిగాడు.

"ఇంకా ఆడతారా? ఇక చాలా?"

ఆ ప్రశ్న ఏ భాషలో అడిగినా బాక్సర్‌కి తెలుస్తుంది. సాంతెరి విన్నాడు. రిఫరీ కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు.

ఒక ఊపిరి.

ముందు వరసలో కూర్చున్న హిల్మ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. సాంతెరి ఏం చేస్తున్నాడో అన్ని వేల మందిలో ఆమెకీ కల్లేకీ తప్ప ఎవరికీ తెలియదు.

రెండో ఊపిరి.

రిఫరీ రెండు చేతులూ పైకెత్తి ఊపేశాడు. పోటీ అయిపోయింది. జవాబు చెప్పడం లేదంటే స్పృహ లేదనుకున్నాడు పాపం.

"ఆగండి! ఇంకొకటి ఉంది! ఇంకొకటి ఉంది!" అని హిల్మ లేచి అరిచింది. కోస్కిలా భాషలో అరిచింది. ఆ హాల్లో అది ఎవరికి తెలుస్తుంది? ఛాంపియన్‌ని భుజాలకెత్తుకున్నారు. సాంతెరి పెదవులు కదిలాయి. ఆ గోలలో ఏమన్నాడో పక్కనున్న కల్లేకి కూడా వినపడలేదు.

ఊరు భగ్గుమంది. బెల్టు దోచుకున్నారన్నారు. రిఫరీ ఇంకొక్క ఊపిరి ఆగి ఉంటే సాంతెరి ఆ ఛాంపియన్‌ని మట్టి కరిపించేవాడన్నారు. చర్చి పాదిరీగారు అడిగారు, "రిఫరీ తప్పు చేశాడు కదూ?" అని. పేపరతను అడిగాడు, "రిఫరీ అన్యాయం చేశాడు కదండీ?" అని. కల్లే చనిపోతూ మంచం మీంచి అడిగాడు, "ఆ రిఫరీ వెధవే కదరా?" అని. ముగ్గురికీ సాంతెరి మూడేసి ఊపిర్లు ఆగి ఒకటే జవాబు చెప్పాడు.

"ఆయన అడిగాడు. నేను ఆలోచిస్తున్నాను."

మళ్ళీ రింగు ఎక్కలేదు. దుంగలెక్కాడు. ముప్పై ఏళ్ళు గడిచాయి. ఆ ముప్పై ఏళ్ళూ హిల్మ కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పింది. చెప్పిన ప్రతిసారీ ఒళ్ళు మండేది. "ఆడతాను అనేవాడు. ఒక్క ఊపిరి ఆగితే అనేవాడు" అని కప్పు బల్ల మీద కొట్టి మరీ పెట్టేది. వాళ్ళ కప్పులకి చెవులు నిలిచేవి కావట.

ఒక శనివారం మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం సౌనాలో కూర్చున్నారు. సౌనా అంటే చెక్కగది. పొయ్యి మీద రాళ్ళు కాగుతుంటాయి, వాటి మీద నీళ్ళు చల్లితే ఆవిరి లేస్తుంది. అక్కడ అబద్ధం ఆడకూడదని ఆ ఊరివాళ్ళ పట్టింపు. సాంతెరికి అప్పటికే గుండె బాగాలేదు, అందుకని వేడి తక్కువుండే కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆయన కుడిచెయ్యి వంకర చూస్తూ హిల్మ ఉన్నట్టుండి అడిగింది.

"అవునుగానీ, ఆ రోజు ఏం చెబుదామనుకున్నావు?"

అడిగాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఇన్నేళ్ళలో ఆ మాట తను అడగనేలేదు. తనకి తెలుసుననుకుంది.

ఒక ఊపిరి. రెండో ఊపిరి. మూడో ఊపిరి.

"చాలు అందామనుకున్నాను" అన్నాడు సాంతెరి. "ఆరో రౌండులోనే చెయ్యి విరిగింది. ఎడమ కన్ను కనపడ్డం లేదు."

హిల్మ ముప్పై ఏళ్ళ కోపం నిలబడ్డానికి చోటు లేకుండా పోయింది. ఆయన వైపు తిరిగి అడిగింది.

"అయితే రిఫరీ చేసింది సరైనదేగా?"

ఒక ఊపిరి. రెండో ఊపిరి. మూడో ఊపిరి.

"సరైనదే. కానీ ఆ మాట నాది, హిల్మా. నన్ను చెప్పనివ్వాలి."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"ఎవరూ అడగలేదుగా" అన్నాడు సాంతెరి.

ఊపిరి తీసుకోకుండా ఆయన చెప్పిన జవాబు జన్మలో అదొక్కటే. హిల్మ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. రాళ్ళ మీద నీళ్ళు చల్లింది, ఏడుపు కనపడకుండా.

ఆ వసంతంలో, ఏటి మీద మంచు పగిలిన వారంలో సాంతెరి పోయాడు. హిల్మ ఊరివాళ్ళని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. కొందరు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళు ఇంత కోపాన్ని ఊరికే మోశామా అని కొందరు అలిగారు. తర్వాత ఒక్కొక్కరే కొట్టుకొచ్చి కాఫీ తాగి, కప్పు బోర్లించి వెళ్ళారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఒకరినొకరు తొందరపెడితే పక్కనున్నవాళ్ళు "ఇంకొకటి ఉంది" అంటారు. బేరం దగ్గర అంటారు, పెళ్ళిచూపుల్లో అంటారు, పిల్లలు బళ్ళో పంతులుగారితో కూడా అంటారు. బాక్సింగ్ పోటీలో ఎవరైనా పడి లేస్తే రిఫరీ అడిగి ఆగుతాడు. హాలంతా ఆ పడి లేచినవాడితో పాటు ఊపిరి తీస్తుంది. ఒకటి. రెండు. అప్పుడు ఎవరో ఒక ముసలావిడ వెనక నుంచి అరుస్తుంది, "ఇంకొకటి ఉంది!" అని. మూడు.

చాలాసార్లు ఆ బాక్సర్ చెప్పేది "చాలు" అనే. గెలిచినవాడి కోసం జనం చప్పట్లు కొడతారు. ఆ మాట తన నోటితో చెప్పినవాడి కోసం మాత్రం లేచి నిలబడతారు.

కథ ఏట్లోకి, మనం ఇంట్లోకి.