వేడికి నోరొచ్చిన రోజు

ఒకప్పుడు వేడికి నోరు లేదు. గాలికి హోరుంది, వానకు చిటపట ఉంది, ఆఖరికి దోమక్కూడా మన చెవి దగ్గరికొచ్చి పాడేంత గొంతుంది. వేడికి మాత్రం ఏమీ లేదు. గొంతులు పంచిపెట్టిన రోజున అది ఇసుకలో ఎండుచేపల దగ్గర పనిలో పడి ఆలస్యంగా వెళ్లింది. అప్పటికే అన్నీ అయిపోయాయి.

మీరు నమ్మకపోయినా నాకేం కోపం లేదు. నేను రేడియోలు విప్పి విద్య నేర్చుకున్నవాణ్ణి. విప్పినవాటిలో ఒక్కటైనా మళ్లీ పలికి ఉంటే నా మాటకు కాస్త విలువుండేది.

సరే, ఆ రోజుల్లో సముద్రం ఒడ్డున నూకాలమ్మ అనే ఆవిడ ఉండేది. గాలి తిరిగితే ఒడ్డున నిలబడి పడవల్ని వెనక్కి పిలవడం ఆవిడ పని. వయసు మీదపడి గొంతు సన్నబడింది.

ఒకనాడు పడవలన్నీ వేటకు వెళ్లాయి. వాటిలో ఆవిడ మొగుడు ఎర్రయ్య కూడా ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం నల్లటి మబ్బు లేచింది. గాలి తిరిగింది.

"ఒరే కోదండం! నా కేక అలలు దాటట్లేదురా. నీ పెట్టె ఇలా పట్రా!" అని నూకాలమ్మ అరిచింది.

కోదండం ఆవిడ మేనల్లుడు. లోకంలో మొట్టమొదటి మైకుసెట్టు చేసింది అతనే. అప్పటిదాకా దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు. ఇంట్లోవాళ్లయితే దానిమీద అప్పడాలు ఆరబెట్టుకునేవాళ్లు.

"ఇదిగో అత్తా! నువ్వు గుసగుసలాడినా చాలు, ఇది ఉరుములా చెప్తుంది" అంటూ అతను మైకు ఆవిడ చేతిలో పెట్టాడు.

పెట్టె గుమ్మంలో ఒక చిన్న ట్రాన్సిస్టర్ కాపలా కాసేది. దాన్ని దాటి ఏది లోపలికి వెళ్తే పెట్టె దాన్నే కొండంత చేసి అరుస్తుంది. మంచీ చెడ్డా అడగదు.

ఇదంతా చూసి వేడికి ప్రాణం లేచొచ్చింది. 'ఇన్నాళ్లకు నాకూ నోరు దొరికింది!' అనుకుని, తీగలో ఉన్న ఎలక్ట్రాన్ పిల్లలకు కితకితలు పెట్టింది. అవి కిలకిలమన్నాయి. పెట్టె ఆ నవ్వుల్నే పెద్దవి చేసింది.

"సుయ్‌య్‌య్‌..."

"పడవ తిప్పండోయ్!" అని నూకాలమ్మ పిలిచింది. బయటికి వచ్చింది మాత్రం సుయ్‌యే.

"ఏటిరా ఇది? నన్ను పిలవమన్నావా, దోసెలు పొయ్యమన్నావా?"

కోదండానికి చెమటలు పట్టాయి. ట్రాన్సిస్టర్ గుమ్మంలో వెతకడం మొదలుపెట్టింది. ముందు "గుయ్" అంటూ దూరబోయిన కరెంటు దొరికింది.

"నువ్వు గోడలో ఉండాలి కదా, ఇక్కడేం పని?"

"ఊరికే తొంగిచూద్దామనీ..."

కోదండం మైకు తీగకు ఇనపజాలీ చొక్కా తొడిగేసరికి కరెంటు బయటే ఉండిపోయింది. తర్వాత చిటచిటమంటున్న వదులు తీగ దొరికింది. దాన్ని సీసం పోసి అతికించాడు. గుయ్ పోయింది, చిటచిట పోయింది. సుయ్ మాత్రం పోలేదు.

"ఎవర్రా ఇంకా లోపల?" అని ట్రాన్సిస్టర్ గద్దించింది.

"నేను వేడిని. నేను గుమ్మం దాటి రాలేదు బాబూ. నీ ఒంట్లోనే ఉన్నాను" అంది వేడి.

ట్రాన్సిస్టర్ తన ఒళ్లు తడుముకుంది. వెచ్చగానే ఉంది.

"ఐసు తేండి!" అని అరిచాడు కోదండం. చేపల పెట్టెల్లోని ఐసంతా తెచ్చి మైకుసెట్టును గొంతుదాకా పాతిపెట్టారు. సుయ్ కాస్త తగ్గింది.

వేడికి రోషం వచ్చింది. "నన్నే వెళ్లగొడతారా? అయితే మొత్తానికే పోతా!" అని పెట్టెలోంచీ, తీగలోంచీ, ఒడ్డున నిలబడ్డ మనుషుల్లోంచీ లేచిపోయింది.

సుయ్ పూర్తిగా ఆగింది. "అత్తా, ఇప్పుడు పిలు!" అని కోదండం గంతేయబోయాడు. కాళ్లు కదల్లేదు.

నూకాలమ్మ నోరు తెరిచింది. పళ్లు టకటకలాడాయి తప్ప మాట రాలేదు. పెట్టె బిగుసుకుపోయింది. అవతల మబ్బు పడవల మీదికి వంగుతోంది.

ఆవిడ కడుపులో ఎక్కడో పొద్దున తాగిన గంజి వెచ్చదనం పిసరంత మిగిలుంది. దాన్ని కూడగట్టి, మైకు నోటి దగ్గర పెట్టుకుని ఊదింది.

"ఉఫ్! ఉఫ్! రామ్మా... నా ముసలోడు అవతలున్నాడు."

ఇన్నాళ్లకు తనని రమ్మన్న మనిషి! వేడి మెత్తబడింది. "వస్తే నన్ను మాట్లాడనిస్తారా?"

"మాట్లాడుకోమ్మా. కాకపోతే నేను పిలిచేటప్పుడు కాస్త గొంతు తగ్గించు."

"తగ్గిస్తా. మీరు ఊరుకున్నప్పుడే వినబడతా. మళ్లీ పొమ్మనకండి మరి."

వేడి తిరిగొచ్చింది. నూకాలమ్మ పెదాలు కదిలాయి.

"ఓయ్ ముసలోడా! గాలి తిరిగింది! పడవ తిప్పు!"

ఆ కేకకు అలలు కూడా వెనక్కి తగ్గాయంటారు. పడవలన్నీ ఒడ్డు చేరాకే మబ్బు విరుచుకుపడింది. ఎర్రయ్య దిగుతూనే, "సముద్రమంతా వినేలా ముసలోడా అంటావా? చేపలు కూడా నవ్వాయే!" అని అలిగాడు.

"నవ్వనీ. నువ్వు వచ్చావు కదా" అంది నూకాలమ్మ.

అప్పటినుంచే ఏ మైకుసెట్టు పెట్టినా, ఎవరూ మాట్లాడకముందు సన్నగా "సుయ్" మంటుంది. ఎంత మంచి పెట్టె కొన్నా పూర్తిగా పోదు. మైకు పట్టుకున్న ప్రతి మనిషీ ముందు "ఉఫ్, ఉఫ్" అని ఊదేదీ అప్పటినుంచే. ఎందుకని అడిగితే టెస్టింగ్ అంటారు. పాపం, వేడిని రమ్మంటున్నామని వాళ్లకు తెలీదు.