దొర పుస్తకమెక్కిన పందికొక్కు

అనగా అనగా ఒక ఊళ్ళో, సముద్రం పక్కనే, ఓ తెల్లదొర ఉండేవాడే అమ్మడూ. ఆయనకి పెద్ద ధాన్యం కొట్టు ఉండేది. దానికి కాపలా పోలయ్య. పోలయ్య పెళ్ళాం చెంచమ్మ. పొలాల్లో కలుగులు తవ్వి ఎలుకలు పట్టడం ఆమె పని. నోరు కాస్త పెద్దదిలే, నాలాగే.

ఒకరోజు బస్తాలు చినిగి, ధాన్యం మాయమైంది. "కాపలావాడే దొంగ!" అని దొర పోలయ్యని స్తంభానికి కట్టేయించాడు. చెంచమ్మ పరిగెత్తుకొచ్చింది.

"దొరా, ఇది పందికొక్కు పని. నా మొగుణ్ణి వదిలిపెట్టు."

దొర దగ్గర ఇంగ్లీషు మాటలన్నీ రాసిన లావుపాటి పుస్తకం ఉంది. తిరగేశాడు. అందులో పందికొక్కు లేదు. "నా పుస్తకంలో లేనిది లోకంలోనే లేదు. ఉంటే ఎలుకే. మూడు రోజుల్లో ధాన్యం దొరక్కపోతే నీ మొగుడు జైలుకే," అన్నాడు. ఎంత పొగరో చూడు!

మొదటి రోజు దొర ఎలుకల బోను పెట్టించాడు. తెల్లారి చూస్తే బోను విరిగిపోయి ఉంది. రెండో రోజు తన పెంపుడు పిల్లిని వదిలాడు. పాపం, అది వచ్చి దొర నెత్తెక్కి కూర్చుంది, దిగితే ఒట్టు! నవ్వకే, విను.

మూడో రోజు చెంచమ్మ కొంగు బిగించింది. కొట్టు వెనకాల కలుగు కనిపెట్టింది. చిల్లి కుండలో గడ్డి కుక్కి, నిప్పు రాజేసి, కలుగులోకి పొగ ఊదింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఊదుతూనే ఉంది. కట్టుకున్నవాడు కదా మరి!

అప్పుడు పందిలా గుర్రుమంటూ బయటికొచ్చింది పందికొక్కు, పిల్లి అంత లావు! చెంచమ్మ గబుక్కున తోక పట్టి ఎత్తింది. "ఇది ఎలుకా దొరా? చెప్పు!" దొర కుర్చీ ఎక్కేశాడు. ఆ తర్వాత కలుగు తవ్వితే గంపలకు గంపలు ఆయన ధాన్యమే!

దొర తన చేత్తోనే పోలయ్య కట్లు విప్పాడు. చెంచమ్మ అంతటితో ఊరుకుందా? "ఆ పుస్తకం తియ్యి. పందికొక్కు అని రాయి," అంది. దొరకి నోరు తిరగలేదు. "బాండికూట్" అని రాసుకున్నాడు. చెంచమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని, ఊరంతా చూస్తుండగా దర్జాగా ఇంటికి నడిచింది.

చెంచమ్మని నేనే అల్లాననుకో. కానీ ఆ ఇంగ్లీషు మాట మాత్రం నిజంగా మన తెలుగులోంచి పోయిందేనే! రేపు మీ టీచరమ్మ బాండికూట్ అంటే, "అది మా పందికొక్కేనండీ" అని లేచి చెప్పు, భయపడకు.

కొక్కేమో కలుగొదిలి పోయె,
మాటేమో ఓడెక్కి పోయె,
కథేమో కంచికి పోయె,
మా అమ్మడు నిద్దరపోయె!