గేదె చెప్పిన వెయ్యి ఎనభై తొమ్మిది

చింతలగిరి ఏలే భైరవ నాయకుడికి ఏదైనా మోజు పట్టిందంటే కొలువంతా దాని వెంట పరుగెత్తాల్సిందే. ఆ ఏడాది పట్టిన మోజు పేరు మార్కండ సోమయాజి, ఆస్థాన జ్యోతిష్కుడు.

ఆ మహానుభావుడి మహిమ ఇదీ. మూడంకెల సంఖ్య ఒకటి అనుకోవాలి. మొదటి అంకె చివరిదానికంటే కనీసం రెండు ఎక్కువుండాలి. దాన్ని తిరగేసి, అసలు సంఖ్యలోంచి తీసేయాలి. మిగిలినదాన్ని మళ్ళీ తిరగేసి, దానికే కలపాలి. అప్పుడు సోమయాజి కళ్ళు మూసుకుని, జవాబును చెవిలో ఊదేవాడు.

"ఇది మీ జన్మసంఖ్య. దేవి ఒకరికి ఒక్కసారే చెబుతుంది. పైకి అన్నారో, కళ్ళు పోతాయి!"

కళ్ళు ఎవరికి చేదు? రాజు, మంత్రి, సేనాపతి ఎవరి సంఖ్యను వాళ్ళు గుండెల్లో దాచుకుని మురిసిపోయారు.

మోజు ముదిరి, రాజు తన కూతుర్ని సోమయాజి మేనల్లుడు పుండరీకుడికే ఇస్తానన్నాడు. ఆ పుండరీకుడు తిండిలోనూ నిద్రలోనూ దిట్ట. మూడో విద్య ఇంకా ఎవరూ చూడలేదు.

రాకుమారి మందారవల్లి విదూషకుడు చెన్నప్పను పిలిపించింది.

"చెన్నప్పగారూ, రేపే తాంబూలాలట. ఆయన పెళ్ళిచూపులకొచ్చి నా ఎదురుగానే గురక పెట్టాడు. నాన్నగారు అది యోగనిద్ర అంటున్నారు!"

భుజాన ఎక్కించుకుని ఆడించిన పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చెన్నప్ప తల నిమిరాడు.

"ఊరుకో తల్లీ, నేను లేనూ?"

చెన్నప్పకూ ఓ జన్మసంఖ్య దక్కింది. కాకపోతే ఆయనకో పాడు అలవాటు, ఏదీ ఒక్కసారి చేసి ఊరుకోడు. ఇంటికెళ్ళి ఇంకో సంఖ్యతో చేశాడు. మరోదానితో చేశాడు. పకపకా నవ్వి, గేదె ఉన్న దొడ్లోకి నడిచాడు.

మర్నాడు తాంబూలాల పళ్ళెం ఎత్తే వేళకి, గేదెను నేరుగా కొలువులోకి తోలుకొచ్చాడు. దాని ఒంటి మీద దుప్పటి, నుదుట సోమయాజి బొట్టు కంటే పెద్ద బొట్టు.

"ఏమిటయ్యా ఈ అఘాయిత్యం?" అన్నాడు రాజు.

"దేవి మా గేదె నాలుక మీదా కూర్చుంది ప్రభూ. అక్కడ జాగా ఎక్కువ కదా! కావాలంటే పరీక్షించండి."

రాజుకు ముచ్చటేసింది. పైకే లెక్క కట్టాడు. "ఎనిమిది వందల ముప్పై ఒకటి. తిరగేస్తే నూట ముప్పై ఎనిమిది. తీసేస్తే ఆరు వందల తొంభై మూడు. దాన్ని తిరగేస్తే మూడు వందల తొంభై ఆరు. రెండూ కలిపితే..." నోరు తెరిచి ఆగిపోయాడు.

చెన్నప్ప దుప్పటి లాగేశాడు. గేదె పొట్ట మీద సున్నంతో రాసుంది: 1089.

"నా జన్మసంఖ్య నీ గేదెకెవడు చెప్పాడు?" అని అరిచాడు రాజు.

"ప్రభూ, అది నాదండీ!" అన్నాడు మంత్రి.

"కాదు, నాది!" సేనాపతి కత్తి మీద చెయ్యి వేశాడు.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరి కళ్ళూ పోలేదు.

"అందరిదీ అదే ప్రభూ," అన్నాడు చెన్నప్ప. "తీసివేత కాగానే నడుమ తొమ్మిది పడుతుంది, అటూ ఇటూ ఉన్నవి కలిస్తే తొమ్మిది. తిరగేసి కలిపితే వెయ్యి ఎనభై తొమ్మిది రాక చస్తుందా? దీనికి దేవి ఎందుకు, కూడిక వస్తే చాలు."

సోమయాజి గుడ్లురిమాడు. "గేదె ఎక్కడ, నేనెక్కడ?"

"నిజమే స్వామీ, అది పాలిస్తుంది."

చెన్నప్ప రాజు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"వెయ్యి ఎనభై తొమ్మిదికే పిల్లనిస్తామంటే, మా గేదెకూ ఓ మేనల్లుడున్నాడు ప్రభూ. దున్నపోతే గానీ, పెళ్ళిచూపుల్లో గురక పెట్టడు!"

తెర వెనక మందారవల్లి ముందుగా నవ్వింది. తరవాత కొలువంతా గొల్లుమంది. ఆ గోలకు పుండరీకుడు మేలుకుని, "వడ్డించారా?" అన్నాడు.

రాజు కడుపు పట్టుకుని నవ్వుతూ, తాంబూలాల పళ్ళెం లోపలికి పంపేశాడు. "చెన్నప్పా, సోమయాజికి నేనిచ్చిన పల్లకి ఇక నీదే!"

"నాకెందుకు ప్రభూ? కష్టపడింది గేదె."